చెవికి రెప్ప లేదు: కోలారు గని నుంచి బోరు బండి దాకా



కంటికి రెప్పను, నోటికి పెదవిని ఇచ్చిన ప్రకృతి చెవికి మాత్రం మూత ఇవ్వలేదు. మనం నిద్రించినా చెవి తెరిచే ఉంటుంది. అడవిలో బ్రతికిన ఆదిమానవునికి అది వరమే. క్రూరమృగం అడుగు చప్పుడు నిద్రలోనూ వినపడాలి కదా! ఆ అడవిలో ఉరుమును మించిన శబ్దం అరుదు. ఇనుమును ఇనుముతో మోదడం, రాతిని యంత్రంతో తొలవడం మనిషి నేర్చిన తరువాతనే, మూత లేని ఆ ద్వారం గుండా ప్రమాదం లోనికి ప్రవేశించింది.

పెద్ద శబ్దం చెవిని చెరుపుతుందని వైద్యశాస్త్రానికి 300 ఏళ్లుగా తెలుసు. చెవిలో పెట్టుకునే మూత, అంటే ఇయర్‌ప్లగ్, 100 ఏళ్లకు పైగా అంగట్లో దొరుకుతున్నది. అయినప్పటికీ మన రామసముద్రం, పుంగనూరు, మదనపల్లె, కుప్పం ప్రాంతాలలో రాయి తొలిచే మనిషి చెవులు నేటికీ చాలావరకు బోసిగానే కనిపిస్తాయి. జ్ఞానం ఉండి కూడా రక్షణ ఎందుకు ఇంత ఆలస్యమైంది? ఆ చరిత్రను తెలుసుకుంటే, ఆ చిన్న మూతను మనం ఎందుకు వాడాలో, ఎలా వాడాలో సులభంగా బోధపడుతుంది.

కంచరివాడల నుంచి బాయిలర్ల దాకా

వృత్తివ్యాధుల శాస్త్రానికి పితామహుడని పేరొందిన ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని. కార్మికుల వ్యాధులపై ఆయన రచించిన గ్రంథం 1700లో వెలువడి, 1713లో విస్తరించిన రూపంలో మళ్లీ అచ్చయింది. రాగిరేకులను రోజంతా సుత్తితో కొట్టే వెనిస్ నగరపు కంచరులు క్రమంగా చెవిటివారవుతారని ఆయన అందులో నమోదు చేశాడు. రోగిని పరీక్షించేటప్పుడు "నీవు చేసే పని ఏమిటి?" అని తప్పక అడగాలని వైద్యులకు బోధించినవాడు కూడా ఆయనే.

1831లో ఇంగ్లండుకు చెందిన జాన్ ఫోస్‌బ్రోక్ అనే వైద్యుడు కమ్మరుల చెవుడును గురించి వ్రాశాడు. ఆవిరియంత్రాల యుగం వచ్చాక సమస్య మరింత తీవ్రమైంది. బాయిలరు తయారుచేసే చోట ఒక మనిషి ఇనుప పీపా లోపల కూర్చుని మేకును అదిమి పట్టుకుంటే, మరొకడు బయటి నుంచి సుత్తితో కొట్టేవాడు. లోపలి మనిషి చెవుల గతి ఏమై ఉంటుందో ఊహించండి!

దానిని ఊహకు వదలక కొలిచి చూసినవాడు గ్లాస్గో నగరపు చెవి వైద్యుడు థామస్ బార్. 1886లో ఆయన 100 మంది బాయిలరు కార్మికులను, 100 మంది ఇనుము పోతపోసేవారిని, 100 మంది తపాలా బట్వాడా ఉద్యోగులను పరీక్షించాడు. బాయిలరు కార్మికులలో సహజమైన వినికిడి ఉన్నవాడు ఒక్కడూ లేడు. వారిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి బహిరంగ సభలో ఉపన్యాసం సరిగా వినపడదని తేలింది. తపాలావారిలో అటువంటి ఇబ్బంది ఉన్నవారు పదింట ఒక వంతుకు కూడా లేరు. ఒకే ఊరు, ఒకే గాలి, ఒకే తిండి. తేడా పనిలో మాత్రమే ఉంది.

1890లో హాబర్‌మాన్ అనే వైద్యుడు శబ్దంలో పనిచేసి మరణించిన కార్మికుని లోపలి చెవిని సూక్ష్మదర్శినితో పరీక్షించి, కాక్లియాలోని వినికిడి కణాలు నశించినట్లు కనుగొన్నాడు. అంటే, మన పొరుగున కోలారు బంగారు గనులు పుంజుకుంటున్న కాలానికే ఈ వ్యాధికి కారణమూ, అది దెబ్బతీసే స్థానమూ, పరిమాణమూ అన్నీ తెలిసే ఉన్నాయన్నమాట.

మన పొరుగున ఉన్న గని

రామసముద్రం నుంచి సూటిగా గీత గీస్తే కోలారు బంగారు గనులు 60 కిలోమీటర్ల లోపే ఉంటాయి. నడుమ ఉన్నది రాష్ట్రపు సరిహద్దు మాత్రమే. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఆంగ్లేయ సంస్థ అక్కడ అడుగుపెట్టింది. 1902లో కావేరీ నదిపై శివనసముద్రం నుంచి విద్యుత్తు అంత దూరం ప్రయాణించి ఆ గనులకు చేరింది. మైసూరు, చాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గం అనే గనులలో ఉత్తర ఆర్కాటు ప్రాంతపు తమిళులతో పాటు చిత్తూరు సీమ తెలుగువారూ తరతరాలుగా పనిచేశారు. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతుతో ప్రపంచంలోని అత్యంత లోతైన గనులలో ఒకటిగా నిలిచింది. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. కుప్పం ప్రాంతంలోని బిసానత్తం, చిగురుగుంట బంగారు గనులు కూడా దాని చేతిలోనే నడిచాయి. 2001లో కోలారు గనులు మూతబడ్డాయి.

గనిలో బంగారం రాతిలో దాగి ఉంటుంది. రాతిని పేల్చడానికి మందు కూరాలి. మందు కూరడానికి రంధ్రం చేయాలి. తొలినాళ్లలో ఆ పని ఉలితో, సుత్తితో జరిగేది. తరువాత గాలి ఒత్తిడితో నడిచే డ్రిల్లులు వచ్చాయి. ఇటువంటి డ్రిల్లు పక్కన నిలుచున్న వ్యక్తి చెవికి చేరే శబ్దం 110 డెసిబెళ్లను దాటుతుంది. పైగా గనిలోని సొరంగం మన పొలం వంటిది కాదు. శబ్దం చెదరిపోవడానికి అక్కడ ఆకాశం ఉండదు. రాతిగోడలు దానిని తిప్పి చెవిమీదికే కొడతాయి.

డెసిబెల్ లెక్క సాధారణ కూడికల వంటిది కాదని ఇక్కడ గుర్తుంచుకోవాలి. 3 డెసిబెళ్లు పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది. 85 డెసిబెళ్ల శబ్దంలో రోజుకు 8 గంటలు పనిచేయవచ్చు అనుకుంటే, 88లో 4 గంటలు, 91లో 2 గంటలు, 100లో కేవలం 15 నిమిషాలు మాత్రమే. 110కి వచ్చేసరికి ఆ గడువు 2 నిమిషాలకు లోపే ముగిసిపోతుంది. గని కార్మికుడు ఒక షిఫ్టులో ఎన్ని గంటలు డ్రిల్లు పట్టేవాడో తలచుకోండి.

ఊపిరితిత్తులకు దక్కిన శ్రద్ధ

గని కార్మికునికి డ్రిల్లు రెండు హానులు చేసింది. ఒకటి ధూళి, రెండవది ధ్వని. రాతిధూళి ఊపిరితిత్తులలో పేరుకుని సిలికోసిస్ అనే వ్యాధిని కలిగిస్తుంది. మన దేశంలో ఆ వ్యాధిని మొదట గుర్తించిన చోట్లలో కోలారు ప్రముఖమైనది. ధూళికి విరుగుడుగా డ్రిల్లు ఉక్కు కడ్డీ మధ్యగా నీటిని పంపే పద్ధతి 19వ శతాబ్దపు చివరినాటికే అమెరికాలో రూపొందింది. నీరు ధూళిని అణచివేసింది. ధ్వనిని మాత్రం అణచలేకపోయింది.

రెండు వ్యాధులూ ఒకే యంత్రం నుంచి పుట్టినా, ఒకదానికి ఎక్స్‌రేలు, సర్వేలు, నష్టపరిహారం వచ్చాయి. రెండవది "ముసలితనం" అనే మాట చాటున మరుగునపడింది. కారణం స్పష్టమే. సిలికోసిస్ రోగి దగ్గుతాడు, ఆయాసపడతాడు, మరణిస్తాడు. చెవుడు నొప్పించదు, రక్తం కార్చదు, ప్రాణం తీయదు. పక్కవాడు కూడా అదే పనిలో చెవిటివాడై ఉంటాడు కనుక ఇద్దరూ గట్టిగా మాట్లాడుకుంటారు. లోపం ఉన్నదన్న సంగతే వారికి తెలియదు.

ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన కాలంలో నేను గమనించినది ఒకటి చెబుతాను. గనులలోనో, రాతి క్వారీలలోనో పనిచేసినవారు దగ్గుకు, నడుము నొప్పికి వచ్చేవారు. చెవి కోసం తమంత తాము వచ్చినవారు బహు తక్కువ. చెవి సంగతి భార్యే చెప్పేది: "ఎంత అరిచినా పలకడు సార్. కావాలనే పలకడేమో అనుకుంటా ఉన్నా." ఆ ఇంట అది వ్యాధిగా కాక, మొండితనంగానో నిర్లక్ష్యంగానో నమోదై ఉండేది.

మన దేశంలో శబ్దానికి ఒక సంఖ్యను నిర్ణయించి గనులకు తెలియజేసినది 1975 నాటి గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ సర్క్యులర్. 8 గంటల పనికి 85 డెసిబెళ్లు హెచ్చరిక హద్దు, 90 డెసిబెళ్లు ప్రమాద హద్దు అని అది నిర్దేశించింది. 1886లో గ్లాస్గోలో రుజువైన సత్యం మన గనులకు అంకెగా చేరడానికి 89 ఏళ్లు పట్టింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో వైద్యుడు ప్రభుత్వానికి తప్పక తెలియజేయవలసిన వృత్తివ్యాధుల జాబితాలోనికి కూడా కాలక్రమాన శబ్దజనితమైన చెవుడు చేరింది. 1990లో గని కార్మికుల ఆరోగ్యం కొరకు జాతీయ స్థాయి సంస్థ ఒకటి కోలారు గనులలోనే నెలకొంది. తరువాత అది నాగపూరుకు తరలింది. సంస్థ వచ్చిన పదేళ్లకే ఆ గనులు మూతబడ్డాయి.

మందు కూడా మోసిన పాత్ర

ఈ చరిత్రలో మదనపల్లెకు కూడా ఒక స్థానం ఉంది. పట్టణానికి సమీపంలోని ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం 1915లో ప్రారంభమై, డెన్మార్కు దేశీయుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ సారథ్యంలో దక్షిణ భారతమంతటా ప్రఖ్యాతి పొందింది. ఆనాడు క్షయకు విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, మంచి గాలియే ప్రధాన చికిత్స. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొన్న తరువాతనే క్షయక్రిములను చంపే మందు వైద్యుల చేతికి వచ్చింది.

ప్రాణదాత అయిన ఆ ఇంజెక్షనుకు ఒక దోషం ఉంది. అది లోపలి చెవిని దెబ్బతీయగలదు. కొందరికి తల తిరుగుడు, తూలుడు. కొందరికి చెవిలో హోరు, వినికిడి లోపం కలుగుతాయి. అమెరికా వైద్యులు 1945 నాటికే ఈ ప్రమాదాన్ని గుర్తించారు. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సులభంగా సోకుతుంది. అందుచేత, గనిలో శబ్దంతో చెవిని కొంత పోగొట్టుకున్న కార్మికునికి, ఊపిరితిత్తులను కాపాడే మందు వలన మిగిలిన వినికిడికి కూడా ప్రమాదం పొంచి ఉండేది. ఈ వర్గానికి చెందిన జెంటామైసిన్, అమికాసిన్ వంటి మందులకు కూడా ఈ గుణం ఉంది. అటువంటి ఇంజెక్షన్లు వాడే రోజులలో పెద్ద శబ్దాలకు మరింత దూరంగా ఉండటం, చెవిలో హోరు మొదలైతే వెంటనే వైద్యునికి చెప్పడం అవసరం. మందును మాత్రం స్వయంగా ఆపవద్దు.

చెవిలో జరిగేదేమిటి?

శబ్దం కర్ణభేరిని కదిలించి, మూడు సన్నని ఎముకల మీదుగా నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాను చేరుతుంది. అందులో సుమారు 15 వేల కేశకణాలు ఉంటాయి. గాలికి వరిపైరు ఊగినట్లు శబ్దానికి వాటి కొసలు కదులుతాయి. గాలివానకు పైరు పడిపోయినట్లే పెద్ద శబ్దానికి అవి వాలిపోతాయి. ఒకసారి వాలితే కొంత విశ్రాంతితో లేవవచ్చు. జాతర చూసి వచ్చిన రాత్రి చెవులు దిబ్బడ వేసి, మరునాటికి తేరుకోవడం ఇదే. రోజూ అదే జరిగితే కణాలు చనిపోతాయి. మానవులలో అవి తిరిగి మొలవవు. మందు లేదు, శస్త్రచికిత్సతో వాటిని మళ్లీ నాటలేము.

మొదట దెబ్బతినేది 4,000 హెర్ట్జ్ చుట్టూ ఉన్న సన్నని స్వరాల భాగం. అచ్చులు మోటు స్వరాలు కనుక వినపడతాయి; క, చ, త, ప, స వంటి హల్లులు జారిపోతాయి. "పాలు" అన్నారో "కాలు" అన్నారో "తాలు" అన్నారో తెలియదు. "వినపడుతుంది గానీ అర్థం కావడం లేదు" అని రోగి అనేది అందువల్లనే. ఇంట్లో మనుమరాలి సన్నని గొంతు ముందుగా దూరమవుతుంది. పలుమార్లు అడగడానికి బిడియపడి మనిషి మాటలకే దూరంగా జరుగుతాడు. చెవుడు ప్రాణం తీయకపోవచ్చు; మనిషిని తన ఇంటిలోనే ఒంటరిని చేస్తుంది.

మైనపు ఉండ నుంచి ఫోమ్ దాకా

చెవి మూత ఆలోచన పురాతనమే. గ్రీకు మహాకావ్యం ఒడిస్సీలో, మోహినుల గానం వినపడకుండా నావికుల చెవులలో మైనం నింపిన కథ ఉంది. అంగట్లో అమ్మకానికి వచ్చిన ప్రసిద్ధమైన తొలి మూతను బెర్లిన్‌లో మాక్స్ నెగ్వెర్ అనే ఔషధవ్యాపారి 1907లో తయారుచేశాడు. దూదిని మైనంలో కలిపి చేసిన ఆ ఉండలకు "ఓహ్రోపాక్స్" అని పేరు పెట్టాడు. "చెవికి శాంతి" అని దాని భావం. మొదట నిద్ర కోసం కొన్న ఆ మూతలు మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి మోతల నడుమ సైనికులకు అక్కరకు వచ్చాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో రబ్బరు ప్లగ్గులు వచ్చాయి. వ్రేళ్లతో నులిమితే సన్నబడి, చెవిలో మళ్లీ ఉబ్బే ఫోమ్ ప్లగ్గు 1970ల ఆరంభంలో అమెరికాలో విపణిలోకి వచ్చింది. నేడు మందుల దుకాణాలలో, భద్రతా సామగ్రి అమ్మేచోట దొరికే రంగురంగుల మెత్తని ప్లగ్గులన్నీ దాని సంతతే.

మూత ఉన్నంత మాత్రాన చాలదు, అది సరిగా అమరాలి. తమకు ఇచ్చిన ప్లగ్గులు చెవిలో సరిగా కుదురుకోక వినికిడి పోయిందని అమెరికాలో లక్షలాది సైనికులు, మాజీ సైనికులు దావాలు వేశారు. 2023లో తయారీ సంస్థ, తప్పును అంగీకరించకపోయినా, 600 కోట్ల డాలర్లు చెల్లించే రాజీకి వచ్చింది.

గని మూతబడింది, డ్రిల్లు పొలానికి వచ్చింది

కోలారు గని నిశ్శబ్దమైంది. ఆ డ్రిల్లు మాత్రం భూమిమీదికి వచ్చి మన మధ్యనే తిరుగుతున్నది. మన సీమలో చెరువులు ఎండి, భూగర్భజలం అడుగంటి, 1,000 అడుగులు దాటినా నీటిచుక్క కోసం బోర్లు వేస్తూనే ఉన్నాము. బోరు బండి సుత్తి, దాని పక్కన కంప్రెసరు కలిసి చేసే మోత గని మోతకు తీసిపోదు. రైతు నీరు పడుతుందా లేదా అన్న ఆతురతతో రాత్రంతా దాని పక్కనే నిలుచుంటాడు. అది అతనికి ఒక రాత్రి; బండి కూలీకి అది ప్రతి రాత్రి. పొట్ట చేతబట్టుకుని పరరాష్ట్రం నుంచి వచ్చిన ఆ యువకుల చెవులను గురించి అడిగేవారెవరు?

కుప్పం వైపు గ్రానైటు క్వారీలలో రాయి తొలిచేవారు, కోత యంత్రాల వద్ద పనిచేసేవారు, నగరి, సిరిసిల్ల వంటి చోట్ల మరమగ్గాల నడుమ బ్రతికేవారు ఇదే కోవలోనివారు. మరమగ్గాల సంగతి 1965లోనే స్కాట్లండులోని డండీ పట్టణపు జనపనార మిల్లుల అధ్యయనం తేటతెల్లం చేసింది. దశాబ్దాలుగా మగ్గం ముందు నిలిచిన స్త్రీల వినికిడి, ఏళ్లు గడిచిన కొద్దీ ఎలా తగ్గుతూ వచ్చిందో అందులో కొలిచి చూపారు.

ఇక ఊరేగింపులలో డీజే పెట్టెలు, జాతరలలో టపాకాయలు, యువకుల చెవులలో ఇయర్‌ఫోన్లు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లకు మించరాదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ లౌడ్‌స్పీకర్లపై నిషేధాన్ని 2005లో సుప్రీంకోర్టు గట్టిగా నిలబెట్టింది. ఈ నియమం మన ఊరి ఊరేగింపులో ఎంతవరకు అమలవుతున్నదో మీకు నేను చెప్పనక్కరలేదు.

మూతను సరిగా పెట్టుకోవడం

దూది శబ్దాన్ని ఆపదు. తలపాగా, రుమాలు కూడా అంతే. ఫోమ్ ప్లగ్గును వాడే విధానం ఇది:

1. ముందుగా చేతులు సబ్బుతో కడుక్కోండి. రాతిధూళి, గ్రీజు అంటిన వ్రేళ్లతో ప్లగ్గును తాకితే ఆ మురికి చెవిలోనికి చేరుతుంది.

2. ప్లగ్గును వ్రేళ్ల నడుమ నులిమి, ముడతలు లేకుండా సన్నని వత్తిలా చేయండి.

3. రెండవ చేతిని తలపై నుంచి పోనిచ్చి, చెవి డొప్పను పైకి, కొంచెం వెనుకకు లాగండి. వంకరగా ఉండే చెవి దారి తిన్నగా అవుతుంది.

4. ప్లగ్గును లోనికి నెట్టి, అది ఉబ్బే వరకు 20 నుంచి 30 సెకన్లు వ్రేలితో అదిమి ఉంచండి. చాలామంది ఈ దశనే వదిలివేస్తారు. సగం బయటికి పొడుచుకుని ఉన్న ప్లగ్గు అలంకారమే తప్ప రక్షణ కాదు.

5. రెండు అరచేతులతో చెవులను గట్టిగా మూసి, తెరిచి చూడండి. శబ్దంలో పెద్ద తేడా లేకపోతే ప్లగ్గు బాగా అమరినట్లు. మీ గొంతు మీకే కుండలోంచి వచ్చినట్లు వినపడటం కూడా మంచి గుర్తు.

6. తీసేటప్పుడు మెల్లగా తిప్పుతూ తీయండి. ఒక్కసారిగా పీకితే కర్ణభేరికి ఒత్తిడి తగిలి నొప్పి పుడుతుంది.

పెట్టె మీద 30 డెసిబెళ్లని వ్రాసి ఉన్నా, నిత్యజీవితంలో దక్కేది తరచుగా అందులో సగమే. నడుమ తీసివేస్తే ఇంకా నష్టం. 8 గంటల పనిలో 30 డెసిబెళ్లు తగ్గించే ప్లగ్గును అరగంట సేపు తీసి ఉంచితే, ఆ రోజు మొత్తం మీద దక్కే రక్షణ సుమారు 12 డెసిబెళ్లకు పడిపోతుంది. గొడుగును వాన మధ్యలో కాసేపు మూస్తే బట్టలన్నీ తడిసినట్లే ఇది. మాట్లాడవలసి వస్తే ప్లగ్గు తీయకండి; మోతకు దూరంగా నడిచి వెళ్లి తీయండి. బోరు బండి, రాతి డ్రిల్లు వంటి మోతల వద్ద ప్లగ్గుతో పాటు చెవులను కప్పే మఫ్‌లు కూడా ధరించడం మేలు.

ఫోమ్ ప్లగ్గు మురికి పట్టినా, గట్టిపడినా పారవేయండి. సిలికాన్ లేక రబ్బరు ప్లగ్గులైతే రోజూ సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, మూత ఉన్న డబ్బీలో దాచండి. ఒకరివి మరొకరు వాడరాదు. చెవి కారుతున్నవారు, చెవిపోటు ఉన్నవారు, కర్ణభేరికి రంధ్రం ఉన్నవారు, ఇటీవల చెవికి శస్త్రచికిత్స అయినవారు వైద్యుని అడగకుండా ప్లగ్గు పెట్టుకోకూడదు. వారికి మఫ్‌లు తగినవి. చిన్నపిల్లలు ప్లగ్గును మ్రింగే ప్రమాదం ఉంది కనుక వారికీ మఫ్‌లే మంచివి. రోడ్డు మీద బండి నడిపేటప్పుడు, నీటిలోతుకు మునిగేటప్పుడు ప్లగ్గులు వద్దు. నిద్ర కోసం వాడేవారు పసిబిడ్డ ఏడుపు, పిలుపు వినవలసిన బాధ్యత తమపై ఉన్నదా అని ఆలోచించుకోవాలి.

చెవిని దాని మానాన ఉండనివ్వండి

చెవిలోని గుబిలి మురికి కాదు. ధూళిని, క్రిములను అడ్డగించే సహజమైన పూత అది. దవడ కదలికతో తనంత తానే బయటికి వస్తుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, తాళంచెవి, దూది పుల్లలు దానిని లోనికే నెడతాయి. కర్ణభేరిని చించగలవు కూడా. రోజూ ప్లగ్గు వాడేవారిలో గుబిలి లోపల పేరుకోవచ్చు కనుక ఏడాదికొకసారి వైద్యునికి చూపించుకోవాలి. వెల్లుల్లి వేసి కాచిన నూనె, ఆకుపసర్లు చెవిలో పోయవద్దు. చెవిలో చీము ఉన్నప్పుడు అవి మరింత చేటు చేస్తాయి.

ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే "జలుబే, తగ్గుతుందిలే" అని వారం ఆగవద్దు. మొదటి రెండు మూడు రోజులలో చికిత్స మొదలైతేనే ప్రయోజనం ఎక్కువ. చెవిలో ఎడతెగని హోరు, మూరెడు దూరంలో ఉన్నవారి మాట కోసం అరవవలసి రావడం, టీవీ శబ్దం పెంచమని పదే పదే అడగడం, ఇవన్నీ ఆడియోమెట్రీ పరీక్ష అవసరమనే సూచనలు. నొప్పి లేని ఆ పరీక్షకు అరగంట చాలు. బధిరత్వ నివారణకు 2006లో మొదలైన జాతీయ కార్యక్రమం ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ సేవలను విస్తరించడానికే ఉద్దేశించినది.

మూత చివరి రక్షణ

ఒక మాట మాత్రం స్పష్టంగా చెప్పాలి. యజమాని కార్మికుని చేతిలో పది రూపాయల ప్లగ్గు పెట్టి తన బాధ్యత తీరిందనుకోరాదు. యంత్రానికి సైలెన్సరు అమర్చడం, కంప్రెసరును దూరంగా నిలపడం, మనుషులను వంతులవారీగా మార్చడం, ఏడాదికొకసారి వినికిడి పరీక్ష చేయించడం ముందు రావాలి. ఇవన్నీ చేసిన తరువాత మిగిలిన శబ్దానికే ప్లగ్గు.

ఇక మీ వంతు. ఈ ఏడు మీ పొలంలో బోరు వేయిస్తే, బండివారికి టీ, టిఫిను ఏర్పాటు చేసినట్లే నాలుగు జతల ప్లగ్గులు కూడా తెప్పించండి. ఒక జత మీకు, మిగిలినవి వారికి. ఎలా పెట్టుకోవాలో పైన చెప్పిన విధంగా చేసి చూపించండి. మీ ఇంటిలో గనిలోనో, క్వారీలోనో, మగ్గం ముందో బ్రతుకు వెళ్లదీసిన పెద్దలు ఉంటే, వారు పలకడం లేదని కసురుకోకుండా ఎదురుగా కూర్చుని, ముఖం కనపడేలా, నిదానంగా మాట్లాడండి. ఒకసారి చెవి పరీక్షకు తీసుకువెళ్లండి. పోయిన కణాలను తేలేకపోయినా, తగిన వినికిడి యంత్రంతో మనుమరాలి మాటను వారికి తిరిగి వినిపించవచ్చు.